ఆరేళ్ళు దాటిన పిల్లలకు

మా వంటింట్లో గ్యాస్ వాల్వు మీద ఒక పసుపు లేబుల్ ఉంటుంది. నల్లటి అక్షరాలతో పైన ఇంగ్లీషులో, కింద అరబ్బీలో "వాడాక కట్టేయండి" అని. గీజరు స్విచ్చి పక్కన ఇంకోటి. ఇస్త్రీపెట్టె పిడి మీద ఇంకోటి. అన్నీ మావారు ఆఫీసులో లేబుళ్ళు కొట్టే మెషీన్ మీద కొట్టి తెచ్చి అంటించినవే. ఆయన ఇక్కడ ఖతర్‌లో, దుఖాన్ ఊళ్ళో ఒక కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. అదే మెషీన్ మీద కొట్టిన ఒక లేబుల్‌తో ఆయన నన్ను మోసం చేశారు.

పెళ్ళయిన కొత్తలో నేను లేబుల్ చదివే మనిషిని కాను. మందు సీసా రంగు చూసి తాగేసే రకం. నన్ను మార్చింది ఆయనే. బ్రెడ్డు ప్యాకెట్ మీద తేదీ, కారులో పిల్ల సీటు మీద బరువు, బొమ్మ పెట్టె మీద వయసు చదవడం నేర్పారు. "అమ్మేవాడి మాట నమ్మకు, అచ్చులో ఉన్నది నమ్ము" అనేవారు. నేను నమ్మాను. ఎంతలా నమ్మానంటే, మా పాప పుట్టినరోజుకు ఎవరైనా బొమ్మ తెస్తే, థాంక్స్ చెప్పకముందే పెట్టె తిరగేసి వయసు చూసేదాన్ని. క్వార్టర్స్‌లో తెలుగువాళ్ళు నాకు 'ఆఫీసరమ్మ' అని పేరు పెట్టారు. ఎగతాళికే అన్నా లోపల కాస్త గర్వంగానే ఉండేది.

చలికాలం శుక్రవారాలు మేమంతా చాపలు, పులిహోర డబ్బాలు సర్దుకుని జెక్రీత్ వైపు ఎడారిలోకి వెళ్ళేవాళ్ళం. అక్కడ ఖతరీ పిల్లలు నాలుగు చక్రాల క్వాడ్ బైకుల మీద దుమ్ము లేపుకుంటూ తిరిగేవాళ్ళు. మూడో క్లాసు చదువుతున్న మా పాప తిండి మానేసి వాళ్ళనే చూసేది. ఆ చూపు పడితే మావారికి ముద్ద దిగదు. కొందామన్నారు. సరే, కానీ పిల్లల కోసమే తయారు చేసిన బండి అయ్యుండాలి, దాని మీద వయసు రాసి ఉండాలి, లేకపోతే మా గేటు దాటి లోపలికి రాదని చెప్పాను. "నా శిష్యురాలివి అనిపించావు" అన్నారు నవ్వుతూ.

దోహాలో షాపుకు ముగ్గురం వెళ్ళాం. అక్కడ అమ్మే అతను మన జగిత్యాల వైపువాడు, తెలుగు వినగానే స్టూళ్ళు వేశాడు.

"చిన్న బండ్లు మాఫీ మేడం, అసలే లెవ్వు. పోర్టుల ఆగినయ్" అన్నాడు.

"ఎందుకు ఆగాయి?"

"పిల్లల సామాన్లకు రూల్స్ వేరే ఉంటయి గదా. పెయింట్ల, బ్రేకులల్ల సీసం ఎంతున్నదో టెస్ట్ చేపిచ్చిన కాయితం గావాలె. ఆ కాయితం ఇంక రాలే."

"మరి ఇవి ఎలా వచ్చాయి?" అన్నాను, వరసగా నిలబెట్టిన బండ్లు చూపించి.

"ఇవి పెద్దోళ్ళయి. వీటికి ఆ కాయితంతోని పని లేదు. మస్తుమంది పిల్లలకు ఇవే తీస్కపోతున్నరు."

నాకు నవ్వొచ్చింది. సీసం ఉందేమోనని చిన్న బండి ఆపారు, మీద పడితే ప్రాణం తీసే పెద్ద బండి మాత్రం షాపులో నిలబడి ఉంది. బ్రేకుల్ని నాకే పిల్ల ఎవరండీ అని దారిలో అడిగాను. "నాకరు. కానీ తాకిన చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. రూలు రూలే" అని దుఖాన్ వచ్చేదాకా మావారు ఆ రూలు తరఫున వాదించారు. వెనక సీట్లో పాప ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంది. నేను మాత్రం ఇలాంటి మనిషి దొరకడం అదృష్టం అనుకున్నాను.

కొన్నాళ్ళకి ఒక గురువారం సాయంత్రం ఎవరిదో పికప్ అడిగి తీసుకుని, పాపను వెంటబెట్టుకుని దోహా వెళ్ళొచ్చి అందులోంచి ఒక ఎర్ర బండి దింపారు. కాయితం వచ్చిందట, పోర్టులోంచి వదిలారట.

"ఇది కొంచెం పెద్దగా లేదూ?" అన్నాను.

"పిల్లలు ఎదుగుతారుగా. ఈ మోడల్ ఇంతే."

నేను ఊరుకుంటానా? గొంతుక్కూర్చుని వెతికాను. హ్యాండిల్ కింద ఉంది పసుపు లేబుల్. నల్లటి అక్షరాలు, పైన ఇంగ్లీషు, కింద అరబ్బీ. ఆరేళ్ళు దాటిన పిల్లలకు. ఆ అక్షరాలు నేను రోజూ గ్యాస్ వాల్వు మీద చూసే అక్షరాలే. కళ్ళు చూశాయి గానీ బుర్ర చూడలేదు. అచ్చులో ఉన్నది నమ్మే శిష్యురాలిని కదా. లోపలికి వెళ్ళి కుంకుమ తెచ్చి, ఆ లేబుల్‌కి పైనే బొట్టు పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు కూడా నేనే పెట్టాను.

ఆ చలికాలం పోకముందే, జెక్రీత్ దగ్గర ఒక చిన్న దిబ్బ మీద పాప మలుపు తిప్పబోయి పడిపోయింది. బండి దాని కాలి మీద పడింది. నేను ముందు చేరుకుని రెండు చేతులా లాగాను, కదల్లేదు. మావారు, ఇంకో ఆయన కలిసి పట్టుకుంటే గానీ లేవలేదు. అది పిల్లల బండి అయితే నా ఒక్కదానికే లేచేదేమో అన్న ఆలోచన కూడా నాకు అప్పుడు రాలేదు.

ఆసుపత్రిలో ఎముక చిట్లిందన్నారు. కట్టు కడుతూ డాక్టరు, పెద్దవాళ్ళ బండి ఎక్కించారా అని అడిగాడు. నాకు రోషం వచ్చింది. "కాదు డాక్టర్. పిల్లల బండే. లేబుల్ నేనే చూశాను" అన్నాను. మావారు నేల చూస్తున్నారు. బిడ్డకు దెబ్బ తగిలిందని కుమిలిపోతున్నారు పాపం అనుకుని భుజం తట్టాను. ఆ తట్టడం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇక ఆ బండి ఇంట్లో ఉండడానికి వీల్లేదు, అమ్మేయమన్నాను. దోహాలో అల్ హిలాల్ నుంచి ఒక తెలుగు జంట చూడడానికి వచ్చారు. ఆయన బండి చుట్టూ తిరుగుతున్నాడు. ఆవిడ మా గుమ్మంలో కట్టు కాలు చాపుకుని కూర్చున్న పాపనే చూస్తూ, "మావాడు ఒకటో క్లాసే అక్కా. పర్లేదంటారా?" అని నన్ను అడిగింది.

"మాకు టైం బాగాలేక జరిగింది గానీ బండి తప్పేం లేదమ్మా" అని, చున్నీతో దుమ్ము తుడిచి లేబుల్ చూపించాను. "చూడు, ఆరేళ్ళు దాటితే చాలు."

మావారు పక్కనే ఉన్నారు. ఇంకో తల్లి తన పిల్లాడిని దాని మీద ఎక్కించబోతోంది, అదీ నా మాట నమ్మి, అని తెలిసి కూడా తాళంచెవి అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డారు.

గుమ్మంలోంచి మా పాప అంది: "ఆ లేబుల్ మా నాన్నే అంటించారు అంకుల్. బుడగలు రాకుండా నేనే గోరుతో రుద్దాను."

చాలా గర్వంగా చెప్పింది. స్కూల్లో వేసిన బొమ్మ చూపించినట్టు చెప్పింది.

వచ్చినాయన వంగి, లేబుల్ అంచు గోరుతో లేపి లాగాడు. నేను పెట్టిన బొట్టు మరక అలాగే ఉంది. దాని కింద కంపెనీవాళ్ళ అసలు లేబుల్ బయటపడింది. పిల్లవాడి బొమ్మ మీద అడ్డగీత, పదహారేళ్ళలోపు వాళ్ళు నడపకూడదని రాత. వాళ్ళు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. వెళ్తూ ఆవిడ నా వైపు చూసిన చూపులో, నేనూ ఆయనా వేరు వేరు మనుషులమన్న అనుమానమే లేదు.

"లేబుల్ లేకపోతే నువ్వు ఒప్పుకోవుగా" అన్నారు మావారు. "చిన్నవి రావట్లేదు. పిల్ల రోజూ ఏడుస్తోంది. స్పీడు తగ్గించే స్క్రూ బిగించే ఇచ్చాను. నేను జాగ్రత్త పడకుండా ఉంటానా?"

"నన్నొక మాట అడగాల్సింది."

"అడిగితే వద్దంటావు. అందుకే అడగలేదు."

కంచే చేను మేస్తే కాపు ఎవరితో చెప్పుకుంటాడు? నా మాట కాదని, నా ఎదురుగానే ఎక్కించి ఉంటే నాలుగు రోజులు పోట్లాడి మర్చిపోయేదాన్ని. నేను ఏది నమ్ముతానో ఆయనకు బాగా తెలుసు. నేర్పింది ఆయనే కదా. సరిగ్గా అక్కడే కొట్టారు. రేపు డ్యూటీకి వెళ్ళి, హెల్మెట్ పట్టీ బిగించుకోలేదని ఎవరో కూలీని గేటు దగ్గర ఆపేస్తారు.

సాయంత్రం పాప కాలి కింద దిండు మారుస్తూ అడిగాను.

"నాకెందుకు చెప్పలేదే?"

"నాన్న చెప్పొద్దన్నారు."

"మరి ఇవాళ అందరి ముందూ చెప్పావు?"

అంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది.

"నీకు చెప్పొద్దన్నారు అమ్మా. అంకుల్‌కి చెప్పొద్దనలేదుగా" అని, దిండు ఇంకొంచెం పైకి జరపమంది.