వదంతికి ఎదురు నడిచిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా బొగ్గుగని క్వార్టర్ల వరుసలోని పిల్లలందరికీ సైరన్ల తేడా తెలుసు. షిఫ్టు మారేటప్పుడు మోగేది ఒకటి, ఆపదలో మోగేది ఇంకొకటి. నేను నాలుగో తరగతి చదువుతున్న ఏడాది, ఒక మధ్యాహ్నం ఆ రెండోది మోగింది. నాన్న అప్పటికి గని లోపల ఉన్నాడు. పక్కింటి అక్క భర్త కూడా అదే డ్యూటీలో దిగాడు.

కాసేపటికే మాట వచ్చి పడింది. గని లోపల పైకప్పు కూలిందట, పదిమంది పోయారట. అమ్మ గడపలోనే చతికిలబడింది. ఏడుపులు ఇంటి నుంచి ఇంటికి పాకాయి.

పక్కింటి అక్క మాత్రం ఏడవలేదు. అమ్మకు నీళ్లు తాగించి, ఎదురింటామెను తోడుంచి, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఆ మాట మోసుకొచ్చినామెను నిలబెట్టి అడిగింది.

"నువ్వు సూసినవా?"

"నేనేడ సూసిన? కిరాణా దుకాణం కాక చెప్పిండు."

దుకాణం నడిపే ఆ కాక దగ్గరికి వెళ్తే, పదిమంది కాదు, నలుగురని విన్నానన్నాడు. ఆయనకు చెప్పినవాడు ఒక రిక్షా అతను. అతన్ని వెతికి పట్టుకుంటే, ఎవరో ఒకరిని దవాఖానకు తీసుకుపోయారని మాత్రమే తనకు తెలుసన్నాడు. పోయారని తాను అననే లేదట.

ఒక్కో మనిషిని దాటినకొద్దీ వార్త చిన్నదైపోతోంది. నా భయం మాత్రం పెరిగింది. పదిమంది అన్నప్పుడు అందరి నాన్నలూ అందులో ఉన్నారు. ఒక్కరే అంటే, ఆ ఒక్కరు ఎవరు?

"ఇంటికి పోదామక్కా," అని ఏడ్చాను.

"నాక్కూడ భయమైతుంది బిడ్డా. కానీ ఎర్కలేని మాట పట్టుకోని ఎట్ల ఏడుస్తం?"

గని గేటు దగ్గర, బొగ్గు మసి మొహాలతో పైకి వచ్చినవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. అందులో నాన్న ఉన్నాడు. పరుగెత్తి వెళ్లి నడుము చుట్టేశాను. ఆయన నా వైపు చూడలేదు. అక్కను చూసి తల దించుకున్నాడు.

అక్క ఆయననూ అదే అడిగింది. "నువ్వు సూసినవా అన్నా?"

"సూసిన చెల్లె. నేనే మోసుకొచ్చిన. పానానికేం ఫికర్ లేదు. కాలే... నలిగిపోయింది."

అప్పుడు, గేటు ముందు నేల మీద కూర్చుని, అక్క ఏడ్చింది. బావ బతికాడు. కాలు తీసేశారు. కోలుకున్నాక గని పైన కూర్చుని చేసే పని ఇచ్చారు.

నేను జర్నలిజం చదివి, యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, వదంతులు ఎలా పుడతాయి, ఎలా పెరుగుతాయి అనేదాని మీదే నా పరిశోధనంతా చేశాను. ఇప్పుడవి ఫోన్లలో తిరుగుతున్నాయి. నేను రిటైరయ్యాక కూడా పాత విద్యార్థులు ఏదో ఒక మెసేజ్ పంపి, ఇది నిజమేనా మేడం అని అడుగుతుంటారు. మొదట చెప్పిన మనిషి దాకా వెళ్లమంటాను.

అన్నేళ్లు చెప్పిన పాఠాల్లో ఒక్క సంగతి మాత్రం ఎన్నడూ చెప్పలేకపోయాను. అంత దూరం వెళ్లాక దొరికే నిజం మన ఇంటిదే కావచ్చు. అక్కకు ఆ దారిలో అది తెలుసు. తెలిసీ ఆగలేదు. అందుకే, ఏ వార్త వెంట బయలుదేరినా నాకు ఇప్పటికీ భయంగానే ఉంటుంది. అయినా వెళ్తాను.