కుడి చెవి పోయాక ఇంట్లో మాటలు

జూలై రెండో మంగళవారం ఉదయం ఆరున్నరకు మంచం పక్కన ఫోన్ వెలిగింది. తెనాలిలో ఉండే మా చెల్లెలు రాజ్యం రోజూ ఆ వేళకే చేస్తుంది. ఎత్తి కుడి చెవికి పెట్టుకున్నాను. అవతల మాట లేదు. "వినపడటం లేదే" అని రెండుసార్లు అని, ఫోన్ పాడైందనుకుని వంటింట్లో ఉన్న మా అమ్మాయి సునీతకు ఇచ్చాను. సునీత చెవి దగ్గర పెట్టుకుని, వెంటనే తీసి నా ముఖంలోకి చూసింది. పెదవులు కదిలాయి కానీ ఏమన్నదో నాకు అందలేదు. "పిన్ని మాట్లాడుతూనే ఉందమ్మా" అన్నదట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

నా వయసు డెబ్బై ఒకటి. ఒక ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. వనస్థలిపురంలో కూతురు, అల్లుడు, వాళ్ళ ఇద్దరు పిల్లలతో ఉంటున్నాను. ఎడమ చెవికి నలభై ఏళ్ళ వయసులోనే చీము పట్టింది. ఆపరేషన్ చేసినా వినికిడి చాలావరకు పోయింది. అప్పటి నుంచి నేను విన్నదంతా కుడి చెవితోనే. ఆ మంగళవారం ఆ చెవిలో దూది కుక్కినట్టుగా ఉంది. లోపలెక్కడో మిక్సీ తిరుగుతున్నట్టు ఒకటే రొద.

కాలనీలోని క్లినిక్‌కు వెళ్తే గులిమి అడ్డం పడిందేమోనని చుక్కల మందు రాసిచ్చారు. జలుబు కూడా ఉంది కాబట్టి నేనూ నమ్మాను. పక్కింటావిడ వెల్లుల్లి వేసి కాచిన నూనె తెచ్చింది. అది మాత్రం పోసుకోలేదు. శుక్రవారం పప్పుకు కుక్కర్ పెట్టి, కూతలు లెక్కపెడుతూ హాల్లో కూర్చున్నాను. మాడిన వాసన వచ్చేదాకా నా లెక్క సున్నా దగ్గరే ఉంది.

మర్నాడు మా అల్లుడు మల్లేష్ సెలవు పెట్టాడు. ఎల్‌బీ నగర్ దాకా ఆటోలో, అక్కడి నుంచి మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి, ఈఎన్‌టీ డాక్టర్‌ను కలిశాం. చిన్న వయసు డాక్టరమ్మ. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నుదుటి మీద పెట్టి, ఎటువైపు వినపడుతోందని చేత్తో అడిగింది. తర్వాత ఆడియోగ్రామ్. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నా బొటనవేలికి పెద్దగా పని పడలేదు.

డాక్టరమ్మ కుర్చీ జరుపుకుని నాకు బాగా దగ్గరగా వచ్చింది. "సడెన్ సెన్సోరీన్యూరల్ హియరింగ్ లాస్. అంటే లోపలి చెవో నరమో దెబ్బతిని వినికిడి ఒక్కసారిగా పోవడం. ఎన్ని రోజులైందమ్మా?"

"ఇవాళ్టికి ఐదో రోజు."

"చెవి ఒక్కసారిగా మూసుకుపోయిందంటే అది ఎమర్జెన్సీ. అదే రోజు రావాలి. సరే, ఇప్పుడైనా వచ్చారు. స్టెరాయిడ్ మొదలుపెడదాం."

"తిరిగొస్తుందా?"

"కొంత రావచ్చు. ఎంతన్నది చెప్పలేను."

ఎంతన్నది తెలియకపోతే నాకు తోచదు. మెట్రోలో తిరిగి వస్తున్నంతసేపూ, ఎదుటి సీట్లో కోచింగ్‌కు వెళ్ళే అమ్మాయిలు నోళ్ళు మూసుకోకుండా కబుర్లు చెప్పుకుంటుంటే వాళ్ళ పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాను.

నరం మీద గడ్డలాంటిదేమైనా ఉందేమోనని ఎంఆర్ఐ చేశారు. ఏమీ లేదు. స్టెరాయిడ్ మాత్రలు మొదట ఎక్కువ డోసు, తర్వాత కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. నాకు షుగర్ ఉంది. రెండో వారానికి అది మూడు వందల యాభై దాటింది. రెండు రోజులు ఆస్పత్రిలో పెట్టి ఇన్సులిన్ ఇచ్చారు. మాత్రలు ఆపేసి, చెవిలోనే ఇంజెక్షన్ ఇద్దామన్నారు. ఇంట్రాటింపానిక్ అంటారు. చెవి గూబలోకి సన్నని సూదితో మందు ఎక్కిస్తారు. కళ్ళు తిరుగుతాయి కానీ, భయపడినంత నొప్పి లేదు. వారానికొకటి చొప్పున మూడు తీసుకున్నాను.

ఆ రెండు నెలల్లో నన్ను బాధపెట్టింది సూది కాదు. అన్నం దగ్గర మాటలు.

మా ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి అందరం కలిసి తింటాం. మల్లేష్ వాళ్ళది నల్గొండ వైపు. ఆఫీసు కబుర్లు చెప్పడంలో అతన్ని మించినవాళ్ళు లేరు. అతను చెప్తాడు, పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు. నేను "ఏమిటి?" అంటాను. ఎనిమిదో తరగతి చదువుతున్న మనవరాలు స్ఫూర్తి నా వైపు తిరిగి, "ఏం లేదులే అమ్మమ్మా" అంటుంది. పెదవులు చూసి మాట పోల్చుకోవడంలో నేను అన్నిటికంటే ముందు నేర్చుకున్నది ఆ మాటే.

వాళ్ళు చెడ్డ పిల్లలు కారు. మాత్ర వేళకు నీళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు. ముఖ్యమైనవన్నీ చెవి దగ్గర అరిచి చెప్పేవాళ్ళు. రేపు నీళ్ళు రావు, సోమవారం డాక్టర్ అపాయింట్‌మెంట్, అలాంటివి. నాకు కావాల్సింది ముఖ్యం కానివి. ఏడేళ్ళ చింటూ బూట్లు వేసుకుంటూ తనలో తాను చెప్పుకునే కథలు. స్ఫూర్తి జడ వేసుకుంటూ తీసే కూనిరాగం. సునీత పోపు వేస్తూ పోపుతోనే గొడవపడటం. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ నేను మొత్తం అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టలేదు, పద్దులన్నీ చదివేదాన్ని. ఇప్పుడు నా ఇంట్లో నాకు మొత్తాలే ఇస్తున్నారు.

అందుకని ముందే తినడం మొదలుపెట్టాను. షుగర్ ఉంది కదా, పెందరాళే తింటే మంచిదన్నాను. ఏడింటికల్లా తినేసి నా గదిలోకి వెళ్ళి లైటు తీసేసేదాన్ని. తలుపు కింద నుంచి హాల్లో వెలుతురు గీతలా కనపడేది. అటూ ఇటూ కాళ్ళ నీడలు కదిలేవి. అవతల వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో ఊహించుకుంటూ పడుకునేదాన్ని.

మూడో రోజో నాలుగో రోజో సునీత కూర తాళింపు వేస్తుంటే, మల్లేష్ వంటింటి గుమ్మంలో నిలబడి ఏదో చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. నేను కంచం పట్టుకుని వెళ్తూ ఆగి, ఏమిటని అడిగాను. "ఏం లేదులే అమ్మా" అంది సునీత, గరిట తిప్పుతూనే.

నేను బల్ల దగ్గర కూర్చున్నాను. ఒక ముద్ద తిన్నానో లేదో, సునీత స్టవ్ కట్టేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"సారీ అమ్మా. పెద్ద విషయమేం కాదు. కింద వాటా వాళ్ళ కుక్కకు మీ అల్లుడి చెప్పు నచ్చిందట. ఎడమది తీసుకెళ్ళింది. కుడిది వదిలేసింది."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

మల్లేష్ కూడా గుమ్మం వదిలి నా ముందుకొచ్చాడు. "మీకు నవ్వొస్తుంది అత్తమ్మా. ఆ రెండోది నేనేం జేసుకోవాలె? పోయి దానికే ఇచ్చొస్తా."

చెవి పోయాక నేను మనసారా నవ్వింది అప్పుడే. బల్ల అవతల స్ఫూర్తి హోంవర్క్ చేసుకుంటోంది. పెన్ను ఆపి, వాళ్ళమ్మ నాకు సారీ చెప్పడం చూసింది.

ఆ తర్వాత తల్లీకూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో సునీత నాకు మొత్తం చెప్పింది.

"మమ్మీ, ఒక్కోటి మూడుసార్లు చెప్పాలె అమ్మమ్మకు. మూడోసారి చెప్తే జోకులో జోకుండదు. నాకు విసుగొస్తది" అందట పిల్ల.

"వస్తుంది. నాకూ వస్తుంది. అప్పుడు 'కాసేపాగి చెప్తా' అను. కానీ ఆగాక వెళ్ళి చెప్పాలి. వెళ్ళకపోతే ఏం లేదులే అన్నట్టే."

"నువ్వు కూడా అన్నవ్ కదా ఇందాక."

"అన్నాను. ఈసారి అంటే నన్ను పట్టుకో."

పట్టుకునే ఉద్యోగం చింటూ తీసుకున్నాడు. మర్నాటి నుంచి నన్ను ఎనిమిదింటి దాకా తిననివ్వలేదు. నా పక్క కుర్చీలో కాపలా కూర్చున్నాడు. "డాడీ అన్నడు. డాడీ ఏం లేదులే అన్నడు" అని వేలు చూపించేవాడు. మల్లేష్ లేచి వచ్చి చెప్పిందంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాడు. ఒక్కోసారి నిజంగానే ఏమీ ఉండేది కాదు. ఆ ఏమీ లేనిదాన్ని కూడా కూర్చుని చెప్పేవాడు. సునీత పిల్లల్ని కూర్చోబెట్టి పెద్దవాళ్ళ మీద దయ చూపాలని చెప్పడం నేను చూడలేదు. స్టవ్ కట్టేసి రావడం మాత్రం చాలాసార్లు చూశాను.

రాజ్యం ఫోన్ సంగతి స్ఫూర్తి తనంతట తానే తీసుకుంది. మొదటి రోజు ఇరవై నిమిషాలు మాట్లాడి, "చిన్నమ్మమ్మ బాగుందంట. నిన్ను జాగ్రత్తగా ఉండమంది" అంది.

"ఇరవై నిమిషాలకు ఆ రెండు ముక్కలేనా?" అన్నాను.

మర్నాడు స్పీకర్ పెట్టి, నాకెదురుగా మఠం వేసుకుని కూర్చుంది. రాజ్యం అన్నది అన్నట్టే, తెనాలి యాసతో సహా చెప్పడం మొదలుపెట్టింది. "'ఏమే అక్కా, డాక్టరు దగ్గరికే వెళ్ళొస్తన్నావా, దిల్‌సుఖ్‌నగర్లో చీరల కొట్లు తిరిగొస్తన్నావా?' అంటుంది." ఆగింది. వింది. "'ఈ పిల్ల నన్ను వెక్కిరిస్తందే' అంటుంది. నేను వెక్కిరిస్తలేనని చెప్పు అమ్మమ్మా."

"వెక్కిరించడం లేదే రాజ్యం, దానికి నీ గొంతు బాగా వచ్చింది" అన్నాను ఫోన్‌లోకి.

నిజానికి గొంతు నాకు వినపడటం లేదు. పిల్ల పెదవుల మీద మాట చూసి, దాని మీద నాకు గుర్తున్న రాజ్యం గొంతును నేనే పరుచుకునేదాన్ని. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని నా చెవిలో రహస్యాలు చెప్పిన గొంతు అది. ఎక్కడ గరగరలాడుతుందో, ఎక్కడ తేలిపోతుందో నాకు తెలుసు. మర్చిపోతానేమోనని అప్పుడప్పుడూ భయం వేసేది. మర్చిపోకముందే మళ్ళీ వినాలని ఉండేది.

మూడో ఇంజెక్షన్ తర్వాత రెండో ఆడియోగ్రామ్ తీశారు. డాక్టరమ్మ రెండు గీతలూ పక్కపక్కన పెట్టి చూపించింది. "సివియర్‌లో ఉన్నది మోడరేట్‌కు వచ్చింది. మంచి రికవరీ. ఇంతకు మించి రాకపోవచ్చు. ఇక హియరింగ్ ఎయిడ్ పెట్టుకుందాం."

"ఫోన్‌లో మా చెల్లెలి గొంతు వినపడుతుందా?"

ఆవిడ మళ్ళీ ఆ గీతల వైపు చూసింది. "మాట అర్థమవుతుందమ్మా. గొంతు పాతదానిలా ఉండకపోవచ్చు."

దసరా వెళ్ళాక మెషీన్ పెట్టారు. మొదటి పదిహేను రోజులు తీసి పారేయాలనిపించింది. పేపరు తిప్పితే రేకులు కదిలినట్టు, కంచం పెడితే పిడుగు పడినట్టు. ఆడియాలజిస్ట్ రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకోమన్నాడు. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పాడు. "గట్టిగా అరవకండి, మాట పగిలిపోతుంది. ముందు పిలిచి, ముఖం మీద వెలుతురు పడేలా ఎదురుగా నిలబడి, మామూలుగా మాట్లాడండి."

ఇప్పుడు గదిలో ఒకరిద్దరుంటే నాకు బాగానే అందుతుంది. పెళ్ళిళ్ళలో, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఏమీ తెలియదు. స్ఫూర్తి కూనిరాగం దగ్గరికి వెళ్తే తప్ప వినపడదు. దగ్గరికి వెళ్తే అది ఆపేస్తుంది. రాజ్యంతో నేనే మాట్లాడుతున్నాను. ప్రతి మాటా తెలుస్తుంది. కానీ రేకు డబ్బాలో నుంచి ఎవరో పరాయి మనిషి మా చెల్లెలి మాటలు అప్పచెబుతున్నట్టుంటుంది. అయినా ఉదయం ఆరున్నరకు ముందే మెషీన్ పెట్టుకుని కూర్చుంటాను.

పోయిన నెల స్ఫూర్తికీ నాకూ పెద్ద గొడవైంది. దాని ట్యూషన్ ఏడింటికి అయిపోతుంది. పక్క వీధే. ఐదు రోజులు వరసగా ఏడున్నరకు వచ్చింది. ఆరో రోజు అడిగాను, ఆ అరగంట ఎక్కడుంటున్నావని. అది ముఖం ఎర్రగా చేసుకుని, అటు తిరిగి ఏదో గొణుక్కుంటూ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తలుపు చప్పుడు నాకు వినపడింది, మాట వినపడలేదు. సరే, పిల్లలు గొణుక్కుంటారు, ఊరుకున్నాను.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. స్ఫూర్తి వచ్చి నా ముందు, లైటు కింద నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు, కోపం అలాగే ఉన్నాయి.

"అమ్మమ్మా" అని పిలిచి, నేను తలెత్తేదాకా ఆగింది. "నువ్వు నా టైమ్ లెక్కపెడితే నాకు నచ్చదు. నేను ఫ్రెండ్స్‌తో పానీపూరీ తింటున్న. మమ్మీకి చెప్పే తింటున్న. రేపు గూడ తింటా."

"ఇందాక వెళ్తూ ఇంకేదో అన్నావు."

"అది గూడ చెప్పాలా?"

"చెప్పు."

అది నేల చూసింది. మళ్ళీ ముఖం పైకెత్తి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. "ముసలి సీఐడీ అన్న."

"నాకు చెప్పి తింటే లెక్కపెట్టను" అన్నాను.

"ఎందుకు చెప్పాలె నీకు?"

ఇద్దరం ఇంకో పది నిమిషాలు వాదించుకున్నాం. ఎవరూ గెలవలేదు. అంత కోపంలోనూ అది నా ముందు నుంచి పక్కకు జరగలేదు. ఒక్క మాట కూడా నాకు పోలేదు.

ఇంట్లో సరిగా వినపడని మనిషి ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. తగ్గించి చెప్పకండి. ఎదురుగా వచ్చి, వెలుతురులో నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ముద్దుగా చెప్పక్కర్లేదు. కోపమైతే కోపాన్నే చెప్పండి. ఆ క్షణంలో ఓపిక లేకపోతే కాసేపాగి చెప్తామనండి, ఆగాక తప్పకుండా వెళ్ళి చెప్పండి. పిల్లలు చూస్తుండగా వెళ్ళండి.