పానీ కాదు భాయ్

డెబ్భైల ముచ్చట. నాకప్పుడు పద్దెనిమిదేండ్లు. పక్షవాతం వచ్చిన మా బాపును పురానాపూల్ నుంచి బస్సుల దవాఖానకు తీస్కపోతున్న. నడిమిట్ల బాపు నా చెయ్యి గట్టిగ పట్టిండు.

"బిడ్డా, ఆగుతలేదు."

బస్సు నిండ జనం. ఆపుండ్రని మొగోళ్ల ముంగట ఎట్ల అరవాలె? నేను గుంజాటన పడంగనే బాపు ధోతి తడిసింది, సీటు తడిసింది. నా పానం పోయినంత పనైంది. తాగెతందుకు తెచ్చుకున్న నీళ్ల సీసా సీటు మీద గుమ్మరించి, "అయ్యో, సీసా ఒలికింది!" అని లొల్లి చేసిన. అందరు నమ్మిన్రు.

మా స్టాపు వచ్చిందని బాపును లేపిన. జుమ్మా నమాజ్‌కు పోతున్న ఒక ముసలాయన, తెల్లటి బట్టలల్ల, "పానీయే కదా బేటీ" అనుకుంట ఆ సీట్ల కూసోబోయిండు. నేను చూడనట్టే బాపును ముంగటికి నడిపియ్యబోయిన.

బాపే వంకరపోయిన నోటితోని అందరు వినంగ అన్నడు: "కూసోకుండ్రి భాయ్, అది పానీ కాదు. నేనే ఆపుకోలేకపోయిన. మీ బట్టలు నాపాక్ అయితయి, నమాజ్‌కు పనికిరావు."

ముసలాయన బాపుకు సలాం చేసిండు. నేను ఓణీ కొంగుతోని సీటు తుడిచిన.

సీసా గుమ్మరించి నేను కాపాడుకున్నది నా ఇజ్జత్. బాపు ఇజ్జత్ బాపే కాపాడుకున్నడు.