మైకు గదిలో అగ్గిపుల్ల

ఆ బస్టాండులో మైకమ్మ గొంతు ఎలాంటిదంటే, ఆమె "మూడో నంబరు" అనగానే ఆరో నంబరు దగ్గర గుర్రుపెట్టేవాడు కూడా లేచి సంచీ సర్దుకునేవాడు. ఇరవై రెండేళ్లుగా ఆమె బస్సుల రాకపోకలు చెబుతోంది. 'పొరపాటు నాది' అన్న మాట మాత్రం ఆ నోటినుంచి ఒక్కసారీ ఊడిపడలేదు. ఒకసారి తను చెప్పిన బస్సు బదులు ఇంకోటి వస్తే, బస్సుకే బుద్ధి లేదంది.

ఆమె తగ్గేది ఒక్కరి దగ్గరే, దేవుడి దగ్గర. మహోన్నతుడా, సర్వశక్తుడా లాంటి పెద్దపెద్ద పిలుపులు పాస్టరుగారికి వదిలేసి, ఈమె ఏకంగా నాన్నా అనేస్తుంది. కన్నతండ్రి మొహం చూసిన గుర్తులేదు. కాబట్టి మిగిలిపోయిన ఆ పిలుపంతా ఈయన మీదే ఖర్చుపెడుతోంది. చెప్పు తెగినా ఆయనకే ఫిర్యాదు. పని కాకపోతే అలిగి రెండు పూటలు మాట్లాడదు, మూడో పూట తనే పలకరిస్తుంది.

ఆ రోజు పొద్దున్నే చెల్లెలు ఫోన్ చేసింది. రెండేళ్ల కిందట ఇల్లు వదిలిపోయిన మైకమ్మ కూతురు పదిన్నర బస్సుకు వస్తోందట. చివర్లో ఒక మెలిక.

"ముందు అమ్మ మొహం చూస్తానంది అక్కా. నువ్వు చిటపటలాడావో, దిగిన బస్సే ఎక్కి పోతుందట."

పిల్ల నర్సు చదువు మానేసి కార్ల షెడ్డులో మెకానిక్కుగా చేరిందని, మైకమ్మ అప్పట్లో తిట్టిపోసి, దాని నట్లు బిగించే పానాల సంచీ వీధిలోకి గిరాటేసింది. పిల్ల సంచీ తీసుకోలేదు, వెనక్కీ చూడలేదు.

ఫోన్ పెట్టేసినప్పటినుంచి మైకమ్మ కాలు నిలవలేదు. గది కిటికీ అద్దంలో చూసుకుంటూ నవ్వు మొహం పెట్టి సాధన చేస్తుంటే, అవతలినుంచి కండక్టరు పంటినొప్పా అని అడిగాడు.

పదిన్నరకు బస్సు మలుపు తిరిగింది. నొక్కిన మైకు మీటను పట్టి ఉంచే కొక్కెం ఎప్పుడో వదులైపోయింది. మీట నొక్కి, లేవకుండా అగ్గిపుల్ల దోపి, మాట అయ్యాక లాగెయ్యాలి. మైకమ్మ పుల్ల దోపింది, బస్సు వచ్చిందని చెప్పింది, లాగడం మరిచింది. బల్లమీద తల వాల్చి కళ్లు మూసుకుంది.

బస్సు దిగిన కూతురికి కిటికీ అద్దంలోంచి ఆ వాలిన తలే కనబడింది. అమ్మకు తనవైపు చూడడం కూడా ఇష్టం లేదనుకుని, మళ్లీ బస్సు మెట్టు మీద కాలు పెట్టింది.

సరిగ్గా అప్పుడు బస్టాండులోని మైకు గొట్టాలన్నీ ఒక్కసారే నోరు విప్పాయి.

"నాన్నా, నేనే. భయంగా ఉంది. నవ్వడం రావట్లేదు, నువ్వే నవ్వించు. తప్పు నాదే నాన్నా. దానికి చెప్పడానికి నోరు రాదు, నీకైతే చెప్పగలను. ఆ పానాలు ఆ సాయంత్రమే ఏరుకొచ్చాను, పదకొండూ ఉన్నాయి. తుప్పు పట్టకుండా వారం వారం నూనె రాస్తున్నాను. నేనెన్నిసార్లు అలిగిపోయినా నువ్వు తలుపు వేసుకోలేదు. నేనే దానికి వేసేశాను. దాన్ని పోనివ్వకు నాన్నా, పట్టుకో."

ఆ రోజు కన్నీళ్లతో ప్లాట్‌ఫారాలు బురదైపోయాయంటారు. అంత కాకపోయినా, కండక్టరు టికెట్ల కట్టతో ముక్కు తుడుచుకున్న మాట నిజం. ఎవరో గట్టిగా ఆమేన్ అనేసరికి మైకమ్మ ఉలిక్కిపడి తలెత్తింది.

గుమ్మంలో కూతురు. చేతుల నిండా గ్రీజు మరకలు, కళ్ల నిండా నీళ్లు. అగ్గిపుల్ల వైపు చూపించి అంది, "అమ్మా, ముందు అది తియ్యి. అందరూ వింటున్నారు."

మైకమ్మ మొహం పాలిపోయింది. పుల్ల మీద చెయ్యి వేసి కూడా లాగలేదు.

"విననీ. వీధంతా వినేలా తిట్టాను కదా, ఇదీ విననీ. తప్పు నాదే తల్లీ."

పది నలభైకి పోవాల్సిన బస్సు పదకొండుంబావుకు గాని కదలలేదు. ఒక్క ప్రయాణికుడూ గొణగలేదు.

మర్నాడు ఆ పానాల్లో అన్నింటికన్నా చిన్నదానితో కూతురు మీట బాగుచేసింది. బస్టాండంతా కాస్త నొచ్చుకుంది. ఆ తర్వాత మైకమ్మ వాళ్ల నాన్నతో ఏం చెప్పుకుందో ఎవరికీ తెలిసే దారి లేకపోయింది.