అక్కయమ్మ తడిగుడ్డ

మండికల్‌లో అక్కయమ్మ ఏ విత్తనమైనా మొలక చూడనిదే కొనదు. మొన్న వ్యాన్‌లో ఒకాయన మొక్కజొన్న విత్తనాలు సగం ధరకే అమ్ముతా వచ్చినాడు. ఆమె మూట అడుగు దాకా చెయ్యి పెట్టి పది గింజలు తీసింది.

"తడిగుడ్డలో కట్టి చూస్తానప్పా. నాలుగు దినాలు పోయినాక రా."

"ఈ ధర ఈ దినానికేనమ్మా!"

"మంచి ఇత్తనం నాలుగు దినాలకే చెడిపోతాదా? నీకెందుకప్పా అంత తొందర?"

పక్కింటి మునినారాయణ, "నీకన్నీ అనుమానాలే అక్కా" అని నవ్వి రెండు మూటలు దించుకున్నాడు.

అయిదో దినం అక్కయమ్మ గుడ్డ విప్పింది. పదిలో రెండే మొలిచినాయి. గుడ్డను అట్లనే తీసుకుపోయి మునినారాయణకు చూపించింది.

అతను మొలకలను చూసి, నిన్ననే విత్తిన చేను వైపు తిరిగినాడు.