మా ఆవిడ చూడని ఓడ

మొన్న ఆదివారం గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు జనక్‌పురిలోని మా ఇంటికి భోజనానికి వచ్చి, అండమాన్‌లో స్కూబా డైవింగ్ నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నానంటూ ఫోనులో ఫొటోలు చూపించాడు. తరవాతి కోర్సు ఎప్పుడు చేస్తావురా అని అడిగితే, "అరే మామయ్యా, ఒక్క లెవెల్ చాలదా? సరదాకి దిగేదానికి కూడా మళ్లీ మళ్లీ ఎగ్జామ్సా యార్!" అని నవ్వేశాడు. నేనూ నవ్వాననుకోండి, కానీ ఆ 'ఒక్క లెవెల్' అన్న మాటకు మా ఆవిడ గుర్తొచ్చింది.

సముద్రానికి ఇంత దూరాన ఢిల్లీలో కూర్చుని మీకు డైవింగ్ ఏమిటయ్యా అని నా ఈడు వాళ్లకు అనిపించవచ్చు. కాకినాడలో పుట్టి కూడా ఏనాడూ మోకాలి లోతు దాటని మా ఆవిడకు, నలభై నిండాక, మేం ఈతకు వెళ్లే పూల్‌లో కొందరు వీపుకు సిలిండర్లు కట్టుకుని శిక్షణ పొందడం చూడగానే ఆ పిచ్చి పట్టుకుంది. నీళ్లలోకి ఎప్పుడూ జంటగానే దిగాలట అని నన్నూ లాక్కెళ్లింది. చలి ఇంకా వదలని మార్చిలో నా పళ్లు టకటకలాడుతుంటే, నా మాస్కు సరిచేస్తూ పకపకా నవ్వడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

అండమాన్ వెళ్లి మొదటి లెవెల్ ఇద్దరం కలిసే పూర్తిచేశాం. దాంతో పద్దెనిమిది మీటర్ల లోతు వరకే అనుమతి. స్కూల్లో టీచరు కాబట్టి ఆవిడ దసరా సెలవుల్లో రెండో లెవెలూ, ఇంకో ఏడాది, నీళ్లలో ఆపదలో ఉన్నవాళ్లను కాపాడే కోర్సూ చేసేసింది. నాకు ఆఫీసులో ఎప్పుడూ దొరికేది నాలుగు రోజుల సెలవే. అక్కడ ముప్ఫై మీటర్ల లోతున ఒక పాత ఓడ మునిగి ఉంది, దాన్ని చూడాలని ఆవిడకు ఎంత ఆశో నాకు తెలుసు. కానీ జంటలో ఎవరి లెవెల్ తక్కువైతే వాళ్ల లోతే ఇద్దరికీ హద్దు. వేరేవాళ్లతో వెళ్లిరమ్మని ఎంత బతిమాలినా, "మీరు కోర్సు చేశాకే చూద్దాం లెండి. మునిగిన ఓడ ఎక్కడికి పోతుంది?" అనేది.

తరవాత ఆవిడ ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. డైవింగ్ మాట దేవుడెరుగు, మెట్లెక్కడమే గగనమైంది. అప్పుడు పట్టుబట్టి నాచేత రెండో లెవెల్ పాఠాలు చదివించింది. సోఫాలో ఒత్తిగిలి, లోతుకు వెళ్లేకొద్దీ సిలిండర్‌లో గాలి ఎందుకు త్వరగా అయిపోతుందో, మత్తు కమ్మినట్టయితే ఏం చెయ్యాలో బడిపిల్లాణ్ని అడిగినట్టు అడిగేది. తడబడితే ఆయాసపడుతూనే కోప్పడేది. ఆవిడ పోయిన ఏడాదికి, రిటైరయ్యాక, డాక్టరు సరేనంటే వెళ్లి ఆ కోర్సు పూర్తిచేశాను.

ఆవిడ అన్నట్టే ఓడ ఎక్కడికీ పోలేదు. ఇనుమంతా తుప్పు, దాని చుట్టూ గుంపులుగా చేపలు. అంత లోతున ఒక్కసారి తల తేలిపోయినట్టయింది; కంగారుపడకుండా కొంచెం పైకి వచ్చేసరికి సర్దుకుంది, సోఫాలో నేర్చుకున్న పాఠమే అది. తేరుకుని, చూశావా అన్నట్టు అలవాటుగా ఎడమవైపు తిరిగి వేలు చూపించాను. పక్కనున్న శిక్షకుడు, అంతా బాగానే ఉందా అని సైగ చేశాడు. మాస్కులో ఏడిస్తే కళ్లు తుడుచుకోవడానికి వీలుండదని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు డైవింగ్‌కు వెళ్తే, పడవలో ఎవరు పక్కన కూర్చుంటే వాళ్లతో జంట కట్టి దింపేస్తున్నారు, పైకి వచ్చాక పేరు కూడా గుర్తుండదు. మొన్న మేనల్లుడికి ఇదంతా చెప్పకుండా పెరుగు వడ్డించాను. ముప్ఫై మీటర్లకు దిగే అర్హత నాకిప్పుడు ఉంది. నా కోసం పద్దెనిమిది దగ్గర ఆగిపోయే మనిషే లేదు.