హవల్దార్ మామ జెర్సీ

ఆ రోజుల్లో, అంటే ఓ ఆరేళ్ళ కిందట, కడపలో ఒక మహాయుద్ధం జరిగింది. ఇరవై రెండేళ్ళు సరిహద్దులు కాచి వచ్చిన వీరుడు ఒకవైపు, నెత్తురు ఉడుకుతున్న యువకుడు మరొకవైపు, ఇద్దరి కళ్ళూ ఒకే సింహాసనం మీద. రాయడం మొదలుపెడితే పర్వాలకు పర్వాలు అయ్యేటట్టు ఉంది. నిజం ఒప్పుకోవాలంటే, ఆ సింహాసనం మా డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ టీములో లెఫ్ట్ బ్యాక్ స్థానం. ఆ యువకుణ్ణి నేను. నెత్తురు ఉడికిన గుర్తు లేదు, ఎండకు మాడు మాత్రం కాలింది.

వీరుడు మా క్లాసులోనే ఉండేవాడు. కమలాపురం పక్కన పల్లె. పద్దెనిమిదేళ్ళకు సైన్యంలో చేరి, నలభయ్యో ఏట పింఛనుతో తిరిగొచ్చి, బీఏ మొదటి సంవత్సరంలో నా పక్కన కూర్చున్నాడు. మొదటిరోజు ఆయన లోపలికి రాగానే లెక్చరర్ అనుకుని క్లాసంతా లేచి నిలబడింది. (తన వెనక ఎవరో పెద్దసారు వస్తున్నాడనుకుని ఆయనా నిటారుగా నిలబడిపోయాడు. అసలు లెక్చరర్ వచ్చేదాకా ఎవరూ కూర్చోలేదు.) సుబేదార్ మామా అని పిలిస్తే ఒప్పుకునేవాడు కాదు. లేని ర్యాంకు తగిలించుకోగూడదని చెప్పి హవల్దార్‌కు దించుకున్నాడు.

సెలక్షన్ నోటీసు పడిన సాయంత్రం ఇస్త్రీ చేసిన నిక్కరు వేసుకుని గ్రౌండుకొచ్చాడు. ఫుట్‌బాల్ నిక్కరుకు ఇస్త్రీ చేయవచ్చని మాకు అప్పుడే తెలిసింది. ఆయనదీ లెఫ్ట్ బ్యాకే అని తెలియగానే నేరుగా ఆయన దగ్గరికి పోయాను.

"ఏం మామా, పింఛను నీకొక్కనికేనా, మోకాళ్ళకు ఇయ్యలేదా?" అన్నాను.

ఆయన బూటుతాడు కట్టుకుంటూ తలెత్తలేదు. "నాకు ఇదే కాలేజీలో సీటొచ్చిండె అప్పా, ఆ కాలంలో. ఇంట్లో జరక్క పట్టాళానికి పోయినా. ఈ కాలేజీ టీము లిస్టులో నా పేరు ఒక్కతూరి చూసుకోవల్ల. అంతే."

ఈ మాటను క్యాంటీనులో ఆయన గొంతుతోనే నటించి చూపించాను. రెండు టీలు, ఒక సమోసా వచ్చాయి. అప్పట్లో నా కళకు అదే ధర.

సెలక్షన్ ఆట రోజు మొదటి సగంలో ఆయన్ను, రెండో సగంలో నన్ను ఆడించారు ఆటలు నేర్పే పీడీ సారు. మా గ్రౌండులో గడ్డి కంటే గులకరాళ్ళు ఎక్కువ. మామ వాటి మధ్యనే రాయిలా నిలబడి, వచ్చిన ప్రతి బంతినీ తిప్పికొట్టాడు. నా ఆశలు అడుగంటుతున్న సమయంలో గోల్ కాసే మా గోలీ నన్ను ఆదుకున్నాడు. వాడిది కోడుమూరు, ఆరడుగుల మనిషి, చెప్పిన మాట జవదాటడు. బంతిని చక్కగా పట్టుకుని గుండెలకు హత్తుకున్నాడు. పక్కన ఖాళీ చూసుకున్న మామ, తనవైపు త్వరగా విసరమని, "ఇడ్సప్పా, ఇడ్సు," అని కేకేశాడు. వాడు ఇడిచాడు. రెండు చేతులూ చాపి బంతిని కింద ఇడిచాడు. ఎదుటి టీమువాడు దాన్ని మెల్లగా లోపలికి నెట్టాడు.

"మిల్ట్రీ ఆయప్ప ఆర్డరేసినాడు సార్, ఇడ్సినా," అన్నాడు గోలీ.

గ్రౌండంతా పడీపడీ నవ్వింది, నేను అందరికంటే ఎక్కువ. మామ నవ్వలేదు, కోప్పడలేదు. పీడీ సారు దగ్గరికి తనే వెళ్ళి, "తప్పు పిల్లోనిది కాదు సార్. కేక నాది. అర్థమయ్యేటట్టు చెప్పలేదు," అన్నాడు. రెండో సగంలో నా కాళ్ళ మధ్యనుంచి గోలు పోయింది. నేను ఒక రాయిని తీసి సారుకు చూపించి, అంతా దీనివల్లే అన్నాను. (ఆ రాయి నేను జేబులో వేసుకొచ్చింది కాదు. కాకపోతే అది పడివున్నది గ్రౌండుకు అవతలి చివర.)

మరునాడు బోర్డు మీద ఆయన పేరు. మామ దాని ముందు నిలబడి ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. మసగ్గా వస్తే మళ్ళీ తీసుకున్నాడు.

రెండు రోజులకు పీడీ సారు ఫారాలు నింపుతూ ఆగిపోయారు. పాతికేళ్ళు దాటినవాళ్ళు యూనివర్సిటీ పోటీల్లో ఆడకూడదని ఫారం వెనక ఉందట. సారు మామను పిలిపించి ఫారం తిప్పి చూపించబోయారు. నేను పక్కనే ఉన్నాను, నవ్వు రాలేదు.

"తెలుసు సార్. వెనకపక్క గూడా చదివినా," అన్నాడు మామ.

"మరి సెలక్షన్‌కు ఎందుకొచ్చినావప్పా?"

"ఆడేదానికి వయసు రాసుండాది సార్. సెలక్షన్‌కు రాయలేదు."

ఆయన పేరు కొట్టేసి పైన నా పేరు రాశారు. ఆ సాయంత్రం మామే నన్ను గ్రౌండుకు పిలిచి, ఎక్కడ నిలబడాలో చూపించాడు. "ఇడ్సు అనొద్దు. పేరు పెట్టి పిలువు," అన్నాడు. మేము మొదటి మ్యాచే నాలుగు గోల్స్‌తో ఓడిపోయాం. ఒక్కదానికీ నేను రాయి వెతకలేదు. చరిత్రలో నా విజయం అంతవరకే.

జెర్సీ మాత్రం మామ కొలతలకు అప్పటికే కుట్టించేశారు. నంబరు ముద్రించింది షాపులో వెనక్కి తీసుకోరు. అందులో నేను గుడారంలో మనిషిలా ఉండేవాణ్ణి. ఇప్పుడు ఉద్యోగం, కుర్చీ, మధ్యాహ్నం భోజనాల పుణ్యమా అని అది నాకు చక్కగా సరిపోతోంది. క్యాంటీనులో ఆయన గొంతు నటించిన ఆ కుర్రాడు, అంటే అప్పటి నేను, ఎదురొస్తే వాడికి ఇది తొడిగి చూపించాలనిపిస్తుంది. వాడికి ఇంకా వదులే.

జెర్సీ ఇప్పటికీ రంగు దిగుతుంది. వేరే బట్టలతో కలిపి ఉతకకూడదు.